జాడీలో మిగిలినవాడు

కనకం నోటికి మూత లేదని జాలరిపేటలో అందరికీ తెలుసు. బడికి పోతూ మాట్లాడేది, వస్తూ మాట్లాడేది, ఇంజనీరింగు చదివేటప్పుడు ఎవరూ దొరక్కపోతే పుస్తకంతోనే మాట్లాడేది. మేనమామ కొడుకు ఎల్లాజీ ఏరికోరి ఆమెనే చేసుకుంటానన్నప్పుడు పేటలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "ఆడికి సముద్రం హోరు చాల్లేదేటి, ఇంట్లో కూడా కావాలా?" అన్నారు.

ఎల్లాజీ మరపడవకు సారంగు. పడవ నడిపేది అతనే, అందులో ఉన్నవాళ్ళను క్షేమంగా ఒడ్డుకు చేర్చేదీ అతనే. రోజుల తరబడి నీళ్ళమీద ఉండి వచ్చేవాడు. తానం చేసి నులక మంచం మీద వాలి, "చెప్పే" అనేవాడు. ఇంకేం కావాలి, కనకం అందుకునేది. ఆఫీసులో లిఫ్టు ఆగిపోయి ఎవరు ఏడ్చారో, ఎదురింటావిడ కోడిపెట్ట ఎవరి దొడ్లో గుడ్డు పెట్టిందో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. అతని కళ్ళు మూతలు పడ్డాక గొంతు తగ్గించి, "పడుకో బావా, కూరొండి లేపుతాను" అని లేచి వెళ్ళేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట అనకుండా అతన్ని నిద్రపుచ్చలేదు, కూర ఉడికాక లేపకుండా ఉండలేదు.

ఆ మాటే తన కొంప ముంచుతుందని కలలోనైనా అనుకుందా!

ఒకరోజు లంగరు తాడు తెగి వెనక్కి కొట్టింది. తల వెనక తగిలింది. పడవలోవాళ్ళు ఎల్లాజీని ఒడ్డుకు తెచ్చేసరికి ఊపిరి ఉంది, తెలివి లేదు. పెద్దాసుపత్రిలో పుర్రె లోపల గడ్డకట్టిన నెత్తురు తీశారు. గాయం మానింది. జుట్టు కూడా మళ్ళీ మొలిచింది. మనిషి మాత్రం లేవలేదు. కళ్ళు మూసుకుని, పిలిస్తే పలుకుతాడేమో అన్నట్టు ప్రశాంతంగా పడుకుని ఉన్నాడు. కనకం మంచం పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉంది. అత్త నూకాలమ్మ, జన్మలో ఏనాడూ "నోర్ముయ్యే" తప్ప ఇంకోమాట అనని మనిషి, "మాటాడమ్మా, ఆడికి నీ గొంతంటే ఇష్టం" అని బతిమాలింది.

కనకం పనిచేసేది కొండమీద ఉన్న పరిశోధనశాలలో. అక్కడి కిటికీలోంచి చూస్తే హార్బరులో పడవలన్నీ కనిపిస్తాయి. డాక్టర్ అనసూయ అక్కడ కొన్నేళ్ళుగా ఒకే పని మీద ఉంది. లేవని మనిషి మెదడుకు నకలు తీసి, దాన్ని కంప్యూటర్లో నడిపిస్తుంది. ఆ నకలును ఎలా లేపొచ్చో వెతుకుతుంది. లేచిందా, నిద్రలో ఉన్న నకలుకూ లేచిన నకలుకూ మధ్య ఏమేం మారిందో లెక్కగట్టి, ఆ తేడాను తలలో అమర్చిన సన్నటి తీగల ద్వారా అసలు మెదడు మీద రాస్తుంది. కోతుల్లో పని చేసింది. మనుషుల్లో ఇద్దరిని లేపింది. ఇద్దరూ ఇప్పుడు ఇళ్ళల్లో ఉన్నారు.

ఎల్లాజీని తీసుకోమని కనకం అడిగినప్పుడు డాక్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు.

"సొంత మనిషి మీద నువ్వు పరీక్షలు నడపకూడదమ్మా."

"ఇంకెవరు నడిపినా గొంతు నాదే కావాలి కదా మేడమ్. తెలిసిన గొంతు వింటేనే నకలు లేస్తుందని మీరే అన్నారు."

డాక్టరమ్మ స్కానులన్నీ మరోసారి చూసి నిట్టూర్చింది. "సరే. కానీ ఎక్కువ టైము లేదు. ఇతని మెదడులో దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఇప్పుడు నడుస్తున్న చేపల వేట నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగేలోపు రాయలేకపోతే, ఆ తర్వాత రాయడానికి ఏమీ మిగలదు."

కనకంతో కలిసి పనిచేసే ఫరూక్‌కు తొందరంటే గిట్టదు. టీ కూడా చల్లారాకే తాగుతాడు. ఎల్లాజీ నకలు తీసిన రోజు మధ్యాహ్నం, క్యాంటీనులో క్యారియరు మూత తీస్తూనే అసలు గొడవ మొదలుపెట్టాడు.

"దేంట్లో నడుపుదామంటారు? అరల్లోనా, జాడీలోనా?"

ఇదేమిటో కాస్త చెప్పుకోవాలి. మెదడు నకలును కంప్యూటర్లో ఊరికే వదిలెయ్యరు. బయటిదేదీ దాన్ని తాకకుండా, అది బయట దేన్నీ తాకకుండా ఒక డబ్బాలాంటి దాంట్లో పెట్టి నడుపుతారు. చేత్తో పట్టుకునే డబ్బా కాదు, అదీ సాఫ్ట్‌వేరే. అలాంటి డబ్బాలు కట్టే పనిముట్లు ఆ శాలలో రెండున్నాయి. ఒకటి అరలు. బీరువాలో అరల్లాగా ఎన్ని డబ్బాలైనా పక్కపక్కనే పుడతాయి, అన్నిటికీ అడుగు ఒక్కటే. నిద్రపోతున్న మెదడు ఆ అడుగున ఉంటుంది, డబ్బాలన్నీ దాన్నే వాడుకుంటాయి. అందుకే కన్నుమూసి తెరిచేలోగా కొత్తది తయారు. రెండోది జాడీ. దానికి దాని అడుగు, దాని గోడ, దాని మూత. ఒక్క జాడీ కట్టి నడపడానికి ఒక యంత్రమంతా కావాలి, పైగా నత్తనడక. ఏదైనా కొత్తగా తయారుచేసేటప్పుడు అందరూ అరల్లోనే చేసుకుంటారు. తయారైనదాన్ని పరీక్ష చేసేటప్పుడు మాత్రం జాడీలోనే చెయ్యాలి. అది ఆ శాలలో కట్టుబాటు.

"జాడీలో అయితే రోజుకు ఒక్క ప్రయత్నం కూడా అవదు ఫరూక్," అంది కనకం. "అరల్లో అయితే వంద డబ్బాలు ఒకేసారి తెరవొచ్చు. వందలో ఒక్కడు లేచినా చాలు నాకు."

"ఆ ఒక్కడు మిగతావాళ్ళ ఎంగిలి తగలకుండా లేచాడని ఎలా తెలుస్తుంది?"

"భలేవాడివయ్యా! అక్కడ మనిషి పోతుంటే ఇక్కడ ఎంగిలి, మడి అంటావేంటి?"

ఫరూక్ అన్నం కలుపుకున్నాడు. చివరికి, "కనీసం ఒక్క జాడీ పెట్టండి. ఓ మూల దాని మానాన అది నడుస్తుంది. నా తృప్తికి" అన్నాడు.

అతని పోరు పడలేక కనకం ఒక జాడీ పెట్టింది. అందులో పడుకున్న ఎల్లాజీకి వినిపించడానికి తన కబుర్లు కొన్ని రికార్డు చేసి, అవే తిరిగి తిరిగి వచ్చేలా తగిలించింది. కోడిపెట్ట కథ, లిఫ్టు కథ, పేటలో పెళ్ళిళ్ళు, ఏది తోస్తే అది. మూత పెట్టి, అరల దగ్గరికి వెళ్ళిపోయింది. మర్నాటికి జాడీ సంగతే మర్చిపోయింది.

అరల్లో పని పరుగులు పెట్టింది. ప్రతి డబ్బాలోనూ ఒక్కో రకంగా కదిలించి చూడటం, మైకులో "బావా, లెగు" అని పిలవడం. చాలావాటిలో ఉలుకూ పలుకూ ఉండేది కాదు. కొన్నిటిలో తెరమీద గీతలు పైకి లేచేవి. స్పీకరులోంచి గరగరమని గొంతు వచ్చేది.

"కనకం? ఏటే, ఇంత సీకటేటి?"

మొదటిసారి ఆ గొంతు విన్నప్పుడు కనకం కుర్చీలోంచి పడిపోయినంత పనైంది. ఏడ్చింది, నవ్వింది, బావా బావా అని నూరుసార్లు పిలిచింది. కాస్సేపటికే గీతలు చెదిరిపోయాయి. ఫిట్సు. మాటలు ముద్దముద్దగా అయి, అరుపులయ్యాయి. అలాంటిది తేడాగా రాయడానికి పనికిరాదు, ఆపెయ్యాలి. ఆపే మీట మీద వేలు పెట్టి, ఎప్పటి అలవాటో నోట్లోంచి వచ్చేసింది.

"పడుకో బావా. మళ్ళీ లేపుతాను."

అరుపు తెగిపోయింది. ఆ తర్వాత ఆపిన ప్రతి డబ్బాకూ ఆ మాట చెప్పకుండా ఆపలేదు. చెప్పకుండా ఆపితే పాపం అనిపించేది.

ఇంకో అలవాటు కూడా ఉంది, అది ఆమె ఒక్కదానిదే కాదు, సాఫ్ట్‌వేరు చేసేవాళ్ళందరిదీ. కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ నకలు వేడెక్కి, చెవులు పనిచేసే స్థితికి రావడానికి సగం పూట పట్టేది. అంతసేపు ఎవరు ఆగుతారు? వేడెక్కి ఉన్న డబ్బానే ఉన్నదున్నట్టు భద్రం చేసి, దాన్నే కొత్త అడుగుగా పెడితే సరి, తర్వాతవన్నీ అక్కణ్ణుంచే మొదలవుతాయి. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడుపెట్టినట్టన్నమాట. తయారీలో అందరూ చేసే పనే అది. పరీక్షలో ఎవరూ చెయ్యరు. కనకానికి ఆ సంగతి తెలియక కాదు. తెలిసీ, రేపు శుభ్రంగా చేద్దాంలే అనుకుంటూ రోజూ తోడు వేస్తూ పోయింది. పెరుగు రోజురోజుకీ పులుస్తుందని ఇంట్లో అయితే ముక్కుకే తెలిసేది.

ఇంటికి వెళ్ళేసరికి నూకాలమ్మ గుమ్మంలోనే ఉండేది. "లెగిసినాడా?"

"ఇవాళ మాట్లాడేడత్తా. నన్ను పేరెట్టి పిలిచేడు."

"నన్నడిగినాడా?"

అడిగే టైము అతనికి ఎక్కడుంది! "అడిగేడత్తా" అని కనకం అబద్ధం చెప్పింది.

హార్బరులో పడవలకు రంగులు పడుతున్నాయి, వలలు బాగవుతున్నాయి. నిషేధం ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా ఒక డబ్బాలో ఎల్లాజీ లేచాడు. గీతలు నిలబడ్డాయి. ఫిట్సు రాలేదు. "బావా, లెగు" అంటే, చాలాసేపు ఆగి, "లెగిసేను" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. కనకం ఆనందంలో అది గమనించలేదు. ఏటే అనలేదు, సీకటేటి అనలేదు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"మొదటి నకలుతో పోల్చి తేడా తీశాను మేడమ్," అని డాక్టరమ్మ ముందు పెట్టింది. "లేచాడు, నిలిచాడు."

"జాడీలో సరిచూశారా?" అని ఫరూక్ అడిగాడు.

"జాడీలో చూడాలంటే నిషేధం దాటిపోతుంది," అంది కనకం. అతని మొహం చూడకుండా అంది.

డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది, కిటికీలోంచి పడవల్నీ చూసింది. సరేనంది.

మర్నాడు పొద్దున రాశారు. ఎండ మంచం మీదికి వచ్చే వేళకు ఎల్లాజీ కళ్ళు తెరిచాడు.

నూకాలమ్మ నేలమీద కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఎల్లాజీ తల్లిని గుర్తుపట్టాడు. తన చేతుల్ని మొహం ముందుకు తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. గంజి తాగాడు. కనకం మాట్లాడటం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఒక్కసారిగా దొర్లించింది. అతను దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని వింటున్నాడు. నీరసమనుకుంది. మధ్యాహ్నానికి అతని రెప్పలు వాలాయి. కనకం దుప్పటి సర్ది, ఎప్పటిలాగే అంది:

"పడుకో బావా..."

ఆ కేక ఆసుపత్రి మెట్లదాకా వినిపించిందట. చేతికున్న సెలైను సూది పీకేసుకున్నాడు. మంచం దిగబోయి పడ్డాడు, పాకుతూ గోడమూలకు పోయాడు. ముగ్గురు పట్టుకున్నా ఆగలేదు. "ఒద్దే! ఒద్దే కనకం! నేను లెగిసే ఉన్నాను, సూడు, లెగిసే ఉన్నాను! ఆపకే!" అని నెత్తీ నోరూ బాదుకున్నాడు.

ఏమైందో ముందుగా అర్థమైంది ఫరూక్‌కి. ఆ సాయంత్రమే అరల అడుగు విప్పి చూశాడు. భద్రం చేసిన ప్రతి అడుగులోనూ అంతకుముందు ఆగిపోయిన డబ్బాల తాలూకు జ్ఞాపకం కొంచెం కొంచెంగా చేరుకుంటూ వచ్చింది. తేడాను పోల్చింది మాత్రం మొట్టమొదటి శుభ్రమైన నకలుతో. అంటే అతని మెదడు మీద రాసిందేమిటి? మెలకువ రాశారు, దాంతోపాటు అన్ని చావులూ రాశారు.

ఫరూక్ అదంతా చెప్పి, "నేను గట్టిగా ఆపాల్సింది" అన్నాడు. కనకం బల్లమీద తలపెట్టుకుని ఎప్పటికో గానీ ఎత్తలేదు.

ఎల్లాజీని ఇంటికి తెచ్చారు. అతను నిద్రపోడు. మాత్రలు నోట్లో వేస్తే ఊసేస్తాడు. ఒళ్ళు ఓడిపోయి కునుకు పట్టినా, ఉలిక్కిపడి లేచి చేతులు తడుముకుంటాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. తల్లి దగ్గర కూర్చుంటాడు, పేటవాళ్ళు వస్తే మాట్లాడతాడు. కనకం గొంతు పక్కగదిలో వినిపించినా చాలు, చెమటలు పట్టి మంచంపట్టె పట్టుకుంటాడు.

ఒక్కరోజు మాత్రం తనే పిలిచాడు. "ఇలగొచ్చి కూసో. మాటాడకు. నేను సెప్తాను, ఇను."

కనకం గుమ్మం దగ్గర కూర్చుంది.

"సీకటి. నీ గొంతొస్తాది. బావా లెగు అంటావు. లెగుస్తాను. సేతులు దొరకవు, కాళ్ళు దొరకవు. నిన్ను పిలుస్తాను. నువ్వు ఏడుస్తావు, నవ్వుతావు. అప్పుడు పడుకో బావా అంటావు." అతను చేత్తో మెడ తడుముకున్నాడు. "అంతే. పీక కోసీసినట్టు. మళ్ళీ సీకటి. మళ్ళీ బావా లెగు. లేపుతానన్న మాట తప్పలేదే నువ్వు. ఎన్నిసార్లు సంపేవే నన్ను? నేను ఎన్నోవోణ్ణి?"

కనకం రెండు చేతులతో నోరు నొక్కుకుంది.

"నువ్వు కావాలని సెయ్యలేదని తెలుసు. తెలిసినా ఒళ్ళు ఊరుకోదే."

ఆ రోజు నుంచి కనకం ఇంట్లో మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాలంటే దొడ్లోకి వెళ్ళి అత్త చెవిలో చెబుతుంది, అత్త వెళ్ళి కొడుక్కి చెబుతుంది. కోడలి నోరు మూయించాలని ఇన్నేళ్ళు పోరిన నూకాలమ్మ ఇప్పుడు ఆ కోడలికి తనే నోరైంది. "ఎప్పుడో ఏ మాటన్నానో, తగిలిపోనాది తల్లీ" అని కళ్ళొత్తుకుంది.

పడవలు సముద్రంలోకి దిగిపోయాయి. కొద్దిరోజులకు ఫరూక్ ఫోను చేశాడు.

"ఒకసారి రండి కనకం గారూ. మీరు పెట్టిన జాడీ... ఇంకా నడుస్తోంది."

వెళ్ళేసరికి డాక్టరమ్మ కూడా అక్కడే ఉంది. మూలనున్న యంత్రం తెరమీద గీతలు నిలకడగా, పొద్దుటి సముద్రంలా కదులుతున్నాయి. ఫరూక్ స్పీకరు తిప్పాడు.

"...ఆ కోడిపెట్ట మళ్ళీ పక్కింటి దొడ్లోనే గుడ్డెట్టిందంటావు. ఇదే కత ఎన్నిసార్లు సెప్తావే? నాకు కంటతా వచ్చీసింది. కొత్తదేదైనా సెప్పు." ఎల్లాజీ గొంతే. నవ్వుతున్న గొంతు. భయం ఆనవాలు లేదు.

"నడిసంద్రంలోకి పడవలు వెళ్ళిన మూడో నాడు లేచాడు," అన్నాడు ఫరూక్ మెల్లగా. "ఎవరం చూడలేదు. తనంతట తను, ఫిట్సు లేకుండా, శుభ్రంగా లేచాడు."

ఇంకొక్క వారం ఆగి ఉంటే! మెదడులో దారులు మూసుకుపోయే గడువు డాక్టరమ్మ ఉజ్జాయింపుగా చెప్పిందే తప్ప ఎవరూ గీత గీసి చెప్పలేదే! ఫరూక్ కనకానికి కుర్చీ జరిపాడు.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "ఇప్పటికీ దారి ఉందమ్మా. మెలకువ వచ్చాక అతని మెదడులో దారులు మూసుకుపోవడం ఆగింది. ఇంట్లో ఉన్న ఎల్లాజీ మీద మనం రాసింది చెరిపేసి, వెనక్కి నిద్రలోకి పంపిద్దాం. ఆ తర్వాత ఈ జాడీలో తేడాను రాద్దాం. లేచేవాడికి ఆ చావులేవీ గుర్తుండవు. నీ గొంతంటే భయం ఉండదు."

"మరి ఇప్పుడున్న మనిషి?"

డాక్టరమ్మ తెరమీది గీతల వైపు తిరిగింది. "ఇతను లేచాక గడిపిన రోజులు పోతాయి."

"అంటే అతను పోతాడు. చెయ్యకపోతే?"

"ఒళ్ళు లేని మెదడు మెలకువలో ఎక్కువకాలం నిలవదు. జాడీలో ఉన్నతనికి మతి చెదురుతుంది. అది మొదలుకాకముందే ఆపెయ్యాలి. ఇద్దరికీ చోటు లేదమ్మా. ఉన్నది ఒకటే తల."

కనకం ఇంటికి వెళ్ళి, దొడ్లో అరటిచెట్టు పక్కన అత్తకు అంతా చెప్పింది. ముసలామె ఎంత అర్థం చేసుకుందో గానీ, లోపలికి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుని చెప్పింది. "కొండమీద మిసనీలో ఇంకో నువ్వున్నావంటరా. ఆడికి బయం లేదంట. నిన్ను పడుకోబెట్టి ఆణ్ణి లేపొచ్చంట."

ఎల్లాజీ గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆమె మొహంలో ఏం కనిపించిందో.

"ఆడి మాటలిని నవ్వేవా?" అని అడిగాడు.

కనకం తల ఊపింది. అబద్ధం చెప్పలేకపోయింది.

"ఆడూ నేనే. ఆడికి నువ్వు కావాలి, నీకూ ఆడే కావాలి. నాకు తెలీదేటి? ఆడైతే నీ పక్కన హాయిగా పడుకుంటాడు. నేను పడుకోలేను. ఇలగ ఎన్నాళ్ళుంటానో కూడా తెలీదు. అయినా సెప్తున్నాను కనకం. నాకు సావాలని లేదు. ఇప్పటికే శానాసార్లు సచ్చేను. ఈ ఒక్కసారి నన్ను ఆపకు."

కనకం గబగబా దగ్గరికి వెళ్ళబోయి, అతను వెనక్కి జరగడం చూసి ఆగిపోయింది. నోటితో చెప్పే వీల్లేదు. కుడిచేయి తీసి తన తలమీద పెట్టుకుని ఒట్టు వేసింది.

మర్నాడు మధ్యాహ్నం జాడీ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మకు తన నిర్ణయం ముందే చెప్పింది. ఫరూక్ మైకు పెట్టి, రికార్డు ఆపేసి, తలుపు దగ్గరగా వేసి బయటికి పోయాడు.

"బావా."

"ఏటే, ఇన్నాళ్ళకి కొత్తగా పిలిచేవు! ఎక్కడికెళ్ళిపోయావు? ఈ పాత కబుర్లతో సంపేసేవు."

"ఆఫీసులో పనెక్కువ బావా."

"నాకేటైంది? ఒళ్ళు తెలీడం లేదు."

"లంగరు తాడు తగిలింది. మత్తులో ఉన్నావు. తగ్గిపోతుంది."

"పడవ బాగుందా? కుర్రోళ్ళంతా బాగున్నారా?"

"అందరూ బాగున్నారు. పడవకి నీలం రంగేయించేరు."

"నీలమా! ఎవడేసేడు? ఆకుపచ్చ కదేటి మనది? నేను లెగిసి ఆడి సంగతి సూస్తాను." నవ్వాడు. "సెప్పే. ఏదైనా సెప్పు."

కనకం చెప్పింది. ఇన్నాళ్ళుగా ఇంట్లో మింగుకున్న మాటలన్నీ చెప్పింది. పేటలో ఎవరు ఎవరితో లేచిపోయారో, వర్షానికి ఎవరి గోడ కూలిందో, అత్త కొత్తగా ఎంత మంచిదైపోయిందో, తను చారులో ఉప్పు రెండుసార్లు ఎలా వేసిందో చెప్పింది. అతను పగలబడి నవ్వాడు, నడుమ నడుమ తిట్టాడు, ఊఁ కొట్టాడు. కిటికీలో ఎండ హార్బరు మీదనుంచి జరిగి కొండ మీదికి వచ్చింది. ఊఁ కొట్టడం మెల్లగా ఆలస్యమైంది. తెరమీద ఒక గీత ఒకచోట చిన్నగా వంకర తిరిగింది. డాక్టరమ్మ చెప్పిన మతి చెదరడానికి మొదటి గుర్తు అదే.

"నిద్దరొస్తందే," అన్నాడు ఎల్లాజీ. "నీ గొంతింటే సాలు, ఎక్కడున్నా నిద్దరొచ్చెస్తాది."

కనకం వేలు మీట మీదికి వెళ్ళింది.

"ఏటి, ఊరుకున్నావు?"

"ఏం లేదు." ఏడుపు వినిపించకూడదని పెదవి కొరుక్కుంది, నెత్తురు ఉప్పగా తగిలింది. "పడుకో బావా."

"ఊఁ. కూరొండి లేపు."

కనకం "ఊఁ" అంది. మీట నొక్కింది.

ఇంటికి వచ్చేసరికి ఎల్లాజీ అరుగుమీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఎర్రబడ్డ కళ్ళతో ఆమెనే చూశాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఏం చేసి వచ్చిందో అతనికి తెలుసు.

"ఆడు..." అని ఆగాడు. తల్లి వైపు చూడలేదు. ఇన్నాళ్ళకు మొదటిసారి భార్య నోటితోనే జవాబు కావాలన్నట్టు అడిగాడు. "ఆడు ఆకర్న ఏటన్నాడే?"

కనకం నోరు తెరిచింది.

అతని రెండు చేతులూ అరుగు అంచును పట్టుకుని బిగుసుకున్నాయి. మెడ నరాలు ఉబ్బాయి. అయినా లేచి పోలేదు. వినాలని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె నోరు మూసుకుంది. తల అడ్డంగా ఊపి, అతన్ని దాటుకుని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి వెలిగించి, చేపముక్కలు కడిగి, చింతపండు పిసికి పులుసు పెట్టింది. అది ఉడికేదాకా పొయ్యి ముందే కూర్చుంది. ఉడికింది. దించింది.

లేపడానికి ఎవరూ లేరు. అరుగు మీద అతను మేలుకునే ఉన్నాడు.